‘ఫెలో’ అను మాట: ఆంగ్ల సహచరవాచకముల అనువాదమున ఒక చిక్కు

విలియం షేక్స్పియరు మరణశాసనము 1616వ సంవత్సరము మార్చి 25వ తేదీ గలది. అందు పంక్తులకు నడుమ ఇఱికించి వ్రాయించిన చేర్పులు కొన్ని కలవు. భార్యకు రెండవ తరపు మంచమును విడిచిన వాక్యము అట్టి చేర్పే. దానిని గూర్చి విమర్శకులు వ్రాసిన వ్రాతలకు లెక్కలేదు. అంతటి ప్రసిద్ధి రాని చేర్పు మఱియొకటి కలదు. జాన్ హెమింగ్సు, రిచర్డ్ బర్బేజి, హెన్రీ కాండెల్ అను మువ్వురు నటులకు, ఉంగరములు కొనుక్కొనుటకై, ఒక్కొక్కరికి 26 షిల్లింగుల 8 పెన్నీలు ఇయ్యవలసినదని అది చెప్పుచున్నది. ఆ మువ్వురిని కవి తన ‘ఫెలో’లని పేర్కొనెను.

ఈ మాటను తెలుగు చేయవలసి వచ్చినపుడు మనము ఏమి వ్రాయుదుము? నిఘంటువు తెఱచినచో ‘స్నేహితుడు, సహచరుడు, సమానుడు, జతగాడు, మనిషి, వాడు’ అను అర్థములు వరుసగా కనబడును. విద్యార్థి వానిలో మొదటిదానిని గ్రహించి, ‘నా స్నేహితులు’ అని వ్రాసి ముందునకు సాగును. పెద్ద తప్పు కాదు. కాని అసలు సంగతి చేజాఱినది. ఆ మువ్వురు కవికి స్నేహితులే కావచ్చును. ఆ వాక్యము చెప్పుచున్నది మాత్రము అది కాదు. 1594లో ఏర్పడి, 1603 నుండి రాజుగారి నటులుగా ప్రసిద్ధి కెక్కిన నాటకసంస్థలో వారు కవితో పాటు పెట్టుబడి పెట్టి, రాబడిని పంచుకొనినవారు. అట్టి సంస్థలలో కూలికి వేషము కట్టు నటులు వేఱు, వాటా గల నటులు వేఱు. అదే సంస్థలోని అగస్టిన్ ఫిలిప్సు అను నటుడు 1605లో వ్రాయించిన మరణశాసనమున ఈ భేదము స్పష్టముగా నున్నది. అతడు సంస్థలోని కూలినటుల కందఱకును కలిపి 5 పౌనులు విడిచెను. షేక్స్పియరుకు మాత్రము ‘ఫెలో’ అని పేరుపెట్టి 30 షిల్లింగుల బంగారు నాణెమును విడిచెను. కనుక ఈ శాసనములలో ‘ఫెలో’ అనగా ‘భాగస్థుడు’. ‘స్నేహితుడు’ అని వ్రాసిన అనువాదకుడు కవి జీవితములోని ఒక ఆర్థికసంబంధమును హృదయసంబంధముగా మార్చినవాడగును.

ఆశ్చర్యమేమనగా, మాట పుట్టుకయు ఇదే చెప్పుచున్నది. ‘ఫెలో’ ఆంగ్లమున పుట్టినది కాదు. స్కాండినేవియా నుండి వచ్చి ఇంగ్లండులో కాపురము పెట్టినవారి భాష నుండి వచ్చినది. అందు ‘ఫే’ అనగా పశువులు, సొమ్ము. ‘లాగ్’ అనగా పెట్టుట. ఉమ్మడి వ్యవహారమున సొమ్ము పెట్టినవాడు ‘ఫెలాగి’. మన ‘ధనము’ పూర్వము గోధనమే అయినట్లు, వారి ‘ఫే’ కూడ మొదట మందయే. ఆఱువందల యేండ్లు గడచిన పిమ్మట, లండను నటుల శాసనములలో ఆ మాట తన పుట్టింటి అర్థముతోనే నిలచియుండుట చూచినచో ముచ్చట వేయును.

ఆంగ్లములోని సహచరవాచకములను ఈ దృష్టితో పరిశీలించినచో ఒక విశేషము తోచును. వానిలో పెక్కింటి కడుపున ఏదో ఒక వస్తువు దాగియుండును. ‘కంపానియన్’ అను మాటలో లాటినుభాషలోని రొట్టె ఉన్నది. కలసి రొట్టె తినువాడు. ‘మేట్’ అను మాటయు, నేడు మాంసమునకు చెల్లుచున్న ‘మీట్’ అను మాటయు ఒకే కుదురునకు చెందినవి. ఆ ‘మీట్’కు పూర్వార్థము మాంసము కాదు, ఏ ఆహారమైనను సరే. 16వ శతాబ్దిలో స్పానిషు నుండి వచ్చిన ‘కామ్రేడ్’ అను మాటలో గది ఉన్నది. ఒకే గదిలో తలదాచుకొను సిపాయి. ‘పార్ట్నర్’ మొదట సహవారసుడు, పిత్రార్జితమున పాలు గలవాడు. ఇక ‘రైవల్’ అనగా లాటినున ఒకే యేటినీరు వాడుకొనువాడు. అతడు తరువాత ప్రత్యర్థి యెట్లయ్యెనో, కాలువ క్రింద సేద్యము చేయువారికి నేను వివరింప నక్కఱలేదు. మన ‘దాయాది’ చరిత్రము కూడ ఇట్టిదే కదా. దాయమును పంచుకొనువాడు పగవాడైనాడు.

వీనికి భిన్నముగా ‘ఫ్రెండ్’ ఒక్కటియే హృదయము నుండి పుట్టినది. ప్రాచీనాంగ్లమున ‘ప్రేమించు’ అను క్రియ యొక్క శత్రర్థకరూప మది. దానికి ఎదురుగా ‘ద్వేషించు’ అను క్రియ నుండి అదే రూపమున ‘ఫీండ్’ పుట్టినది. కావున ఆంగ్లము ప్రేమను బట్టి పేరు పెట్టినది ఒక్కనికి; మిగిలినవారికి రొట్టెను బట్టియో, గదిని బట్టియో, సొమ్మును బట్టియో పేరు పెట్టినది.

మనకు అలవాటైన కోశసంప్రదాయము దీనికి విపర్యయముగా నడచినది. అమరసింహుడు మిత్రునకు చెప్పిన పర్యాయములను తలచుకొనుడు. వయస్యుడు ఈడువాడు, స్నిగ్ధుడు చెమ్మగల మనసువాడు, సుహృత్తు మంచి హృదయము కలవాడు. ఈడు, నెనరు, హృదయము తప్ప అక్కడ అన్నమును లేదు, ఇల్లును లేదు, సొమ్మును లేదు. ఇంతమాత్రమున వారు లౌకికులనియు మనము భావుకులమనియు తేల్చుట తొందరపాటు. అట్టి తేల్పులు ఉపన్యాసములలో వినుటకు బాగుండును గాని పరీక్షకు నిలువవు. సంస్కృతమునందే సపిండుడు పిండమును బట్టి పేరు పొందినవాడు. సతీర్థ్యుడు ఒకే తీర్థమును సేవించినవాడు. తీర్థ మనగా గురువు, అంతకు మున్ను రేవు. ఒకే నీటిని పంచుకొనినవాడు లాటినున ప్రత్యర్థి యైనాడు, సంస్కృతమున సహాధ్యాయి యైనాడు. ఒకే యేరు రెండు భాషలలో రెండు దిక్కులకు ప్రవహించినది. (విశ్వవిద్యాలయములలో సహాధ్యాయులే ప్రత్యర్థు లగుట వేఱు విషయము.)

దేశితెలుగునకు వచ్చినచో వస్తువును పంచుకొను మాటలు కొల్లలుగా దొరకును. ‘పొత్తు’ అను మాటను చూడుడు. నేడది వ్యాపారమునకును, ఎన్నికలలో పార్టీల కలయికకును వాడబడుచున్నది. కాని పూర్వకవుల వాడుకలో పొత్తున కుడుచుట యనగా కలసి భుజించుట. పోతన భాగవతము దశమస్కంధమున గోపబాలురు కృష్ణుని చుట్టును కూర్చుండి చల్దులారగించు ఘట్టమును ఎఱిగినవారికి ‘కంపానియన్’ అను మాటలోని రొట్టె ఏమియు క్రొత్తది కాదు. అచ్చట చద్దియన్నమును ఊరుగాయలును ఉన్నవి, అంతియే భేదము. ‘సావాసము’ సహవాసమునకు వికృతి, ఒకచోట వసించుట. ‘కామ్రేడ్’ అను మాటకు ఇంతకంటె దగ్గఱి చుట్టము లేదు. ఆటలలో జట్లు విడిపోవునపుడు సమానులైన ఇద్దఱిని ‘ఉద్దులు’ అందురు. ‘తోడబుట్టినవాడు’ అను మాటలో పంచుకొనబడిన వస్తువు తల్లికడుపే. ఇన్ని మాటలు చేత నుండగా, అనువాదకులు అన్ని ఆంగ్లపదములకును ‘మిత్రుడు, స్నేహితుడు, సహచరుడు’ అను మూడింటితోనే ఏల సరిపెట్టుచున్నారో విచారింపదగి యున్నది.

విచారింపదగినది అనుటకు కారణ మున్నది. ఇది పదసంపదకు మాత్రమే సంబంధించిన కొఱత యైనచో ఉపేక్షింపవచ్చును. కాని ఈ మాటలకు మఱియొక గుణము కలదు. ఇవి పలుకువాని స్థానమును బట్టి పైకెగయును, క్రిందికి దిగును. ‘జూలియస్ సీజరు’ నాలుగవ అంకమున బ్రూటసు కాసియసు లిద్దఱును కలహించి సమాధానపడిన వేళ ఒక కవి లోనికి చొఱబడి వారికి స్నేహోపదేశము చేయబూనును. బ్రూటసు అతనిని ‘కంపానియన్’ అని పిలిచి బయటికి పొమ్మనును. రొట్టె పంచుకొనువాడని ఆదరించినట్లా? కాదు, ‘ఓరీ’ అని కసరినట్లు. 19వ శతాబ్ది చివరి పాదముననే వావిలాల వాసుదేవశాస్త్రిగారి ‘సీజరు చరిత్రము’తో తెలుగున అడుగుపెట్టిన నాటకమిది, నేటికిని దీనిని పాఠముగా చదువు విద్యార్థి, నిఘంటువును నమ్మి, ఇచ్చట ‘స్నేహితుడా’ అని అర్థము చెప్పుకొనుట నేను తరగతిలో పలుమాఱులు వినియున్నాను. వాని తప్పు లేదు. నిఘంటువు అర్థములను చెప్పును గాని, ఎవరు ఎవరితో పలికినపుడు ఏ అర్థమో చెప్పదు.

‘ఫెలో’ జాఱిన జాఱుడు ఇంకను చిత్రమైనది. భాగస్థు డన్న మాట సమానుడను అర్థమునకు వచ్చుట సహజము. పిదప గొప్పవారు సేవకులను పిలుచునపుడు, దయతో తమ సమానులను చేసినట్లుగా, ఆ మాటను వాడసాగిరి. ఆ దయయే దానికి చేటు తెచ్చినది. పైవాడు క్రిందివానిని ఊరక సమానుడని పిలుచుచుండగా, ఆ మాట వినబడినచోట క్రిందివాడున్నాడని తెలిసిపోవుచుండెను. క్రమముగా అది నిందావాచక మైనది. అయినను పాత అర్థములు చావలేదు. ఒకవైపు విద్యాపీఠముల సభ్యులు గౌరవముగా ‘ఫెలో’లైరి, మన పరిశోధక విద్యార్థులు పొందు ‘ఫెలోషిప్’ ఆ కొమ్మ నుండి వచ్చినదే. మఱియొకవైపు దొరవారు బంట్రోతును కేకవేయుటకు అదే మాట పనికివచ్చినది. షేక్స్పియరు నాటికి ఈ మూడు మెట్లును ఏకకాలమున సజీవముగా నుండెను. కవి ఆ మెట్లమీద ఒక పాత్రను నడిపించి పడద్రోసెను.

ఆ పాత్ర ‘పన్నెండవ రాత్రి’ నాటకములోని మాల్వోలియో. ఈ నాటకము 1602 ఫిబ్రవరి 2వ తేదీన లండనులోని మిడిల్ టెంపుల్ అను న్యాయవాదుల నిలయమున ప్రదర్శింపబడినట్లు ఆధార మున్నది. మాల్వోలియో ప్రభుకన్య యైన ఒలీవియా యింటి పెత్తనదారు. నౌకరులలో పెద్ద, అయినను నౌకరే. పరిచారిక మరియా యజమానురాలి చేతివ్రాతను అనుకరించి ఒక ప్రేమలేఖ వ్రాసి అతని దారిలో పడవేయును. ఒలీవియా తనను వలచినదని అతడు నమ్మును. ఆ కపటలేఖలోనే ఒక బెదిరింపు కలదు. ధైర్యము లేనిచో పెత్తనదారుగానే, సేవకులకు ‘ఫెలో’గానే పడియుండుమని. ఇచ్చట ఆ మాటకు ‘తోటివాడు’ అని యర్థము. ఎవరికి తోటివాడన్నదే ప్రశ్న. అంతకు మున్ను మొదటి అంకమున, వాకిట నిలిచి లోనికి వచ్చెదనని పట్టుబట్టుచున్న యువకుని గూర్చి యజమానురాలికి విన్నవించునపుడు, మాల్వోలియో తానే ‘ఫెలో’ అని తేలికగా పలికియున్నాడు. అనగా ఆ మాటకు గల చిన్నతనము అతనికి తెలియనిది కాదు.

మూడవ అంకము నాలుగవ రంగమున అతడు లేఖలో చెప్పిన విధమున పచ్చని మేజోళ్లు తొడిగి, అడ్డపట్టీలు బిగించి, చిఱునవ్వులు చిందించుచు ఒలీవియా యెదుటికి వచ్చును. ఆమె అతనికి మతి చలించిన దనుకొనును. అంతలో వేఱొక పని మీద పోవలసివచ్చి, ఈ ‘ఫెలో’ను కనిపెట్టి చూడుమని మరియాకు చెప్పి వెడలిపోవును. మాల్వోలియో ఒంటరిగా మిగిలి ఆ ఒక్క మాటను పట్టుకొని పొంగిపోవును. పేరు పెట్టి పిలువలేదు. ఉద్యోగమును బట్టి పిలువలేదు. తన సమానుని పిలిచినట్లు పిలిచినది! ఆమె పలికినది మూడవ మెట్టుమీది మాట, అతడు వినినది రెండవ మెట్టుమీది మాట. సామాన్యముగా వ్యాఖ్యాతలు ఇంతటితో ఆగుదురు. యజమానురాలు చిన్నచూపుతో అనినదనియు, అహంకారి యగు నౌకరు దానిని గౌరవముగా పొరపడెననియు వ్రాయుదురు.

నాకు ఇది చాలదనిపించును. ఒలీవియా తరువాత పలికిన మాటలను గమనింపవలెను. తన వారిలో కొందఱు అతనిని ప్రత్యేకముగా కనిపెట్టి యుండవలెననియు, తనకు రావలసిన కట్నములో సగము పోయినను సరే అతనికి కీడు కలుగరాదనియు ఆమె చెప్పును. చిన్నచూపు గలవారు పలుకు పలుకులు కావివి. ఆమె నోట ‘ఫెలో’ అను మాట నిందకును సమానతకును నడుమ, పూర్వము ప్రభువులు దయతో వాడిన ఆ పాత తావుననే నిలిచియున్నది. కావున మాల్వోలియో లేనిదానిని ఊహించుకొనలేదు, ఉన్నదానిని పెంచుకొనినాడు. ఆ మాటలో ఆదరము కలదు. అతడు కోరిన జాతి ఆదరము మాత్రము లేదు. హాస్యమున కరుణ యొక్క జీర కనబడుట ఇందువలననే. చివరి అంకమున, చీకటికొట్టులో పడియున్న అతడు జ్ఞాపకము వచ్చినపుడు, ఒలీవియా అతనిని జాలితో ‘జెంటిల్మన్’ అని పేర్కొనును. అతడు జీవితమెల్ల తపించిన మాట అది. దానిని వినుటకు ఆ సమయమున అతడచ్చట లేడు.

ఇదే కవి ‘టెంపెస్టు’ మూడవ అంకమున మిరాండా నోట ఈ మాటను ఉంచిన తీరు పోల్చి చూడదగినది. ఫెర్డినాండుతో ఆమె, తన్ను ‘ఫెలో’గా అంగీకరింపకపోయినను సేవకురాలిగా నుండుటను మాత్రము అతడు కాదనజాలడని చెప్పును. ఇచ్చట ‘ఫెలో’ సహధర్మచారిణి. సేవకురాలికి స్పష్టముగా ఎదురుమాట. మాల్వోలియో ఒలీవియా నోట వినగోరినది మిరాండా పలికిన ‘ఫెలో’నే. పదేండ్ల యెడమున వ్రాసిన రెండు నాటకములలో కవి ఒకే మాటను ఒకచోట నిండుమనసుతోను, మఱియొకచోట నవ్వులపాలుగాను నిలిపినాడు.

ఇప్పుడు అనువాదకుని చిక్కు. ‘ఈ స్నేహితుని కనిపెట్టి యుండుము’ అని ఒలీవియా చేత పలికించినచో అసంబద్ధము. నౌకరును ఆమె స్నేహితు డనదు. ‘వీనిని కనిపెట్టి యుండుము’ అనినచో ఆమె మాట సరిపోవును గాని మాల్వోలియో పొంగుటకు పట్టు దొరకదు. ఒక చిన్న వ్యాకరణవిషయము ఇచ్చట అడ్డువచ్చుచున్నది. తెలుగున వాడు, అతడు, ఆయన అను సర్వనామములే అంతస్తును తెలుపును. ఆంగ్లమున ప్రథమపురుష సర్వనామమునకు ఆ శక్తి లేదు. అందుచే ఆ భారమును ‘ఫెలో’ వంటి నామములు మోయవలసి వచ్చినది. కావుననే ఆంగ్లనాటకములలో ‘ఫెలో’ వచ్చిన పదిచోట్ల తొమ్మిదింట దానిని తెలుగులో నామముగా అనువదింప నక్కఱలేదు; ‘వాడు’ అని సర్వనామముతో పోనిచ్చుటయే సరియైన అనువాదము. పదియవచోట మాత్రము ఇది. ఇచ్చట మాట కావలెను, అదియును రెండువైపుల మొగము గల మాట.

తెలుగున అట్టి మాట యొకటి వెంటనే స్ఫురించును: తోటివాడు. ‘తోడు’ నుండి వచ్చిన ‘తోటి’ సమానత్వమును, సాహచర్యమును తెలుపును. తోటికోడలు, తోటి విద్యార్థి. పూర్వపు గ్రామవ్యవస్థలో ఊరి వెట్టిపనులు చేయు సేవకునకును ‘తోటి’ అనియే పేరు. రెండింటికి రూపసామ్యమే గాని జన్మసంబంధము లేదు. తమిళమున రెండవ దానికి ‘తోట్టి’ అను రూపమున్నది. అయినను చెవికి రెండును ఒక్కటియే. ఒలీవియా సేవకుడను అర్థమున ‘ఈ తోటివానిని’ అనగా, మాల్వోలియో దానిని సమానుడను అర్థమున గ్రహించినట్లు కూర్చినచో శ్లేష చక్కగా అమరును. మొదట ఈ కూర్పు నాకు తోచినపుడు మిక్కిలి సంతోషించితిని. తరువాత విడిచితిని. ఆ ‘తోటి’ వట్టి ఉద్యోగవాచకము కాదు. తరతరములుగా కొన్ని కులములవారి మెడకు కట్టబడిన వెట్టికి పేరు. ఒలీవియా నోటిలోని దయ ఆ మాటలో ఇమడదు. పైగా ఒక నవ్వు కొఱకు దానిని వేదికమీద పలికించుట ఇతరులను గాయపఱచును. శ్లేష కుదిరినంత మాత్రమున అనువాదము కుదిరినట్లు కాదు.

నాకు తోచిన మాట ‘మనవాడు’. ఇది నిఘంటువులలో తలకట్టు పొందిన పదము కాదు. ఇండ్లలో, వీథులలో నలుగుచున్నది. పెండ్లి మాటలలో ‘అతడు మనవాడే’ అనినచో మన బంధువు, మన కులమువాడు, మనకు సమానుడు. అదే కబుర్లలో ‘మనవాడు ఏమి చేసినాడనుకొన్నారు!’ అనినచో ఎదుట లేని ఒకనిని గూర్చి ఇంచుక వెక్కిరింత, ఇంచుక ఆపేక్ష. ఒలీవియా మరియాతో ‘మనవానిని కాస్త కనిపెట్టి యుండుము’ అనవచ్చును. ఆమె దయకు లోపము లేదు. మాల్వోలియో ఆ ‘మనవాడు’ను పట్టుకొని ఆకాశమున కెగురవచ్చును, అతని పొంగునకు లోపము లేదు. ఇంతకు మించిన సౌలభ్యము ఇంకొకటి కలదు. తెలుగున ‘మా’ వేఱు, ‘మన’ వేఱు. ‘మన’ అనునది వినువానిని కూడ కలుపుకొనును. ఒలీవియా దృష్టిలో ఆ ‘మన’ తానును మరియాయు, అనగా ఇల్లు. మాల్వోలియో దృష్టిలో ఆ ‘మన’ ఆమెయు తానును. ఆంగ్లమున లేని ఈ మెలికను మూలము కోరుచున్నట్లే యున్నది. కపటలేఖలోని ‘ఫెలో’ను కూడ ‘నౌకరులకు మనవాడవుగా నుండుము’ అని మార్చుకొనినచో పూర్వాపరములు అతుకును. ఈ పరిష్కారమున లోపము లేదనను. సంస్కృతసమాసములు నిండిన గ్రాంథికశైలిలో నాటకమును అనువదించువారి చేత ఈ మాట ఇమడదు. అట్టివారు ఈ రంగమున శైలినైనను విడువవలెను, హాస్యమునైనను విడువవలెను.

వ్యక్తివాచకముల చిక్కు ఇది కాగా, సమూహవాచకముల విషయమున మన బోధనయే పెడదారి పట్టినది. ఆంగ్లవ్యాకరణ గ్రంథములలో దొంగల కొకటి, పోలీసుల కొకటి, స్త్రీల కొకటి, నావికుల కొకటి చొప్పున సమూహనామములను పట్టికగా వేసి బాలుర చేత వల్లె వేయింతురు. ఈ పట్టికల వంశవృక్షము తడవినచో వానిలో కొన్ని 1486లో అచ్చైన ‘సెయింట్ ఆల్బన్సు గ్రంథము’ వఱకు పోవును. వేటను, డేగలను గూర్చి చెప్పు ఆ గ్రంథమున జంతుసమూహముల పేళ్ల నడుమ మనుష్యసమూహముల పేళ్లును చేర్పబడినవి. న్యాయవాదుల గుంపునకు ‘వాగ్ధాటి’ యనియు, భార్యల గుంపునకు ‘అసహనము’ అనియు, సన్న్యాసినుల గుంపునకు ‘అతిశయసంఖ్య’ అను నర్థమిచ్చు మాటయు పేళ్లు! ఇవి వాడుకలోని మాటలు కావు, చమత్కారములు. ఎవడో నవ్వించుటకు వ్రాసినదానిని ఐదువందల యేండ్ల తరువాత మన పిల్లలు పరీక్షకు బట్టీపట్టుచున్నారు.

ఇట్టిదే ‘కబాల్’ కథ. రెండవ చార్లెసు కాలమున, 1670 ప్రాంతమున, క్లిఫర్డ్, ఆర్లింగ్టన్, బకింగ్హాం, ఆష్లీ, లాడర్డేల్ అను ఐదుగురు మంత్రుల పేళ్ల తొలి అక్షరములు కలసి కుట్రదారుల గుంపును తెలుపు ఈ మాట పుట్టినదని ఉపాధ్యాయులు చెప్పుదురు. కథ బాగున్నది, నిజము కాదు. హీబ్రూలోని గూఢవిద్యావాచకము నుండి ఫ్రెంచి ద్వారా ఆ మాట అంతకు మున్నే ఆంగ్లమున చేరియుండెను. అక్షరములు కలియుట కాకతాళీయము. శత్రువులకది అందివచ్చినది.

సమూహవాచకములను పట్టికలుగా కాక జీవితములుగా చెప్పినచో విద్యార్థికి ఎక్కువ మేలు. ‘గ్యాంగ్’ మొదట నడక, ప్రయాణము. పిదప కలసి పనికి పోవు కూలీల జట్టు. ఆపైన దొంగల ముఠా. మన రైలుమార్గములమీద పనిచేయు గ్యాంగుమన్ పేరున నడిమి అర్థము నిలిచియున్నది. ‘ముఠా’ అను మన మాటయు అట్టిదే. బస్తాలు మోయు ముఠా కూలీలు గౌరవముగా బ్రతుకుచుండగా, రాజకీయములలో అదే మాట నింద. పూర్వకావ్యములలో సేన యైన ‘మూక’ నేడు అల్లరిమూక యైనది. ఇక ‘కంపెనీ’ సంగతి తెలుగువారికి వేఱుగా చెప్పవలెనా? 1600లో లండనులో అధికారపత్రము పొందిన వర్తకుల సంస్థ 1766లో ఉత్తరసర్కారులను, 1800లో దత్తమండలములను చేజిక్కించుకొనినది. కలసి రొట్టె తినువారి మాట మన కాగితములలో ‘కుంఫిణీ’ యై, శిస్తు రాబట్టు ప్రభుత్వమునకు పేరైనది. ఆ కుంఫిణీ ఉద్యోగి యగు బ్రౌనుదొరయే మనకు నిఘంటువు నిచ్చుట చరిత్రలోని చమత్కారము.

‘కామ్రేడ్’ మాత్రము అనువాదమునకు లొంగలేదు. లొంగించుటకు మనవారు పట్టుబట్టనును లేదు. సంబోధనగా అది యథాతథముగా తెలుగున నిలిచినది. 1946–51 నడుమ తెలంగాణ పల్లెలలో ఉద్యమమునకు ప్రజలు పెట్టుకొనిన పేరు ‘సంగము’. వ్యక్తిని పిలుచుటకు పరభాషాపదము, సమూహమును తలచుటకు తద్భవము. ఈ పంపకము ఏ పండితుడును చేసినది కాదు. పిలుపునకు క్రొత్తమాట కావలసివచ్చుటకు కారణము ఊహింపవచ్చును. అన్న, అయ్య, దొర అను మన పిలుపులన్నియు ఈడునో అంతస్తునో తెలుపునవే. రెండింటిని తెలుపని పిలుపు ఇంటిలో లేదు.

మరల ఆ ఉంగరముల వద్దకు. మువ్వురిలో బర్బేజి 1619లో మరణించెను. మిగిలిన హెమింగ్సు, కాండెల్ లిద్దఱును 1623లో తమ భాగస్థుని నాటకములను 36 కూర్చి పెద్ద సంపుటముగా వెలువరించిరి. వానిలో 18 అంతకు మున్ను అచ్చు కానివి. ‘పన్నెండవ రాత్రి’, ‘టెంపెస్టు’, ‘జూలియస్ సీజరు’ వానిలోనివే. ఆ సంపుటమునకు వ్రాసిన అంకితపత్రమున వారు కవిని తమ ‘ఫ్రెండ్’ అనియు ‘ఫెలో’ అనియు రెండు మాటలతో పేర్కొనిరి. మొదటిది హృదయమునకు, రెండవది వాటాకు. ఆ రెండును పర్యాయపదము లనుకొని ఒకదానిని వదలివేయు అనువాదములు కలవు. నేను దానిని ‘మా స్నేహితుడును, మా భాగస్థుడును’ అని వ్రాయుదును.